రెండు పులులు

రాయలసీమ పల్లెల్లో పులులు రెండు. ఒకటి బండ మీద ఉంటుంది. రెండవది మనిషి ఒంటి మీద ఉంటుంది. నల్లమల అడవిలో సంచరించే పులి సంగతి వేరు. అడవి అంచున కాపురముండేవారికి తప్ప దానితో తక్కినవారికి పని పడదు. ఈ రెండు పులులతో మాత్రం కర్నూలు, కడప ప్రాంతాల ప్రజలకు తరతరాల సహవాసం ఉంది.

బండ మీది పులి పులిజూదంలోనిది. ఈ సీమ నాపరాతికి పుట్టినిల్లు. ఇంటి ముందరి అరుగుకు, నట్టింటి నేలకు, ఊరి నడుమనున్న రచ్చబండకు ఆ రాయే ఆధారం. ఆ రాతి నునుపు మీద ఎవరో ఎన్నడో మేకుతోనో ఉలితోనో గీసిన గీతలు కనిపిస్తాయి. కొండకొమ్ము వంటి ఒక మొన, దాని నుండి కిందికి జారిన గీతలు, వాటిని అడ్డంగా కోసే మరికొన్ని గీతలు. ఆ గీతలు కలిసే 23 చోట్లు ఆటకు స్థానాలు. 3 గులకరాళ్లు పులులు. 15 చింతగింజలు మేకలు. పొలం పనులు లేని మధ్యాహ్నాలలో వేపచెట్టు నీడ ఆ బండ మీదికి రాగానే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. చుట్టూ పదిమంది మూగుతారు.

ఒంటి మీది పులి పులివేషగాడిది. పీర్ల పండుగకో, దసరాకో ఒక యువకుడు ఒళ్లంతా పసుపు రంగు పూయించుకొని, దాని మీద నల్లని చారలు దిద్దించుకొని, నడుముకు తోక కట్టుకొని వీధిలోకి వస్తాడు. తప్పెట మోగుతుంది. అంతవరకు ఇంటింటికీ తెలిసిన ఆ కుర్రవాడు క్షణంలో అపరిచితుడవుతాడు. అతని చూపు మారుతుంది, నడక మారుతుంది. వీధిలోని పసిపిల్లలు తల్లుల కొంగుల చాటుకు చేరతారు. ఆ వేషం కొందరికి వేడుక, కొందరికి మొక్కుబడి. హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకునే పీర్ల పండుగలో ఆ పులికి మతభేదం లేదు.

రెండూ పులులే, రెండూ ఆటలే. అయినప్పటికీ ఒక వింత విషయం గమనార్హం. రచ్చబండ దగ్గర పావులు కదపడంలో ఆరితేరిన పెద్దాయనను పులివేషం కట్టమంటే నవ్వి ఊరుకుంటాడు. పులివేషంలో ఊరినంతా గడగడలాడించే యువకుణ్ణి పులిజూదానికి కూర్చోబెడితే నాలుగు ఎత్తులు వేసేలోగా అతనికి విసుగు వస్తుంది. ఒకే నీరు తాగి, ఒకే జొన్నసంగటి తిని పెరిగిన ఇద్దరిని రెండు వేర్వేరు ఆటలు ఎందుకు పిలుస్తాయి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, దీని సమాధానం మనుషుల స్వభావం లోతులదాకా పోతుంది.

ముందుగా బండ మీది పులిని పరిశీలించాలి. పులిజూదంలో ఇరుపక్షాల బలాలు సమానం కావు. పులులు మూడే కాని వాటికి దూకే శక్తి ఉంది. పక్కనున్న మేకను దాటి అవతల ఖాళీ చోటు ఉంటే దూకి ఆ మేకను చంపవచ్చు. మేకలకు ఆ శక్తి లేదు. అవి ఒక్కొక్కటిగా బండ మీదికి వస్తాయి. పదిహేనూ వచ్చి చేరేవరకు వాటికి కదిలే వీలు కూడా లేదు. వాటి బలమంతా కూడికలోనే ఉంది. ఒకదాని వెనుక ఒకటి నిలిచి, దూకడానికి చోటు లేకుండా చేసి, చివరకు మూడు పులులనూ కదలనివ్వకుండా బంధిస్తే మేకలదే గెలుపు. బలవంతుడు వేగంతోను, బలహీనుడు ఓర్పుతోను పోరాడే ఆట ఇది.

ఈ ఆటగాడు బండకు పైన ఉంటాడు. అతని కన్ను గరుడుని కన్ను వంటిది. ఏ మేకపైనా అతనికి ప్రత్యేకమైన మమకారం ఉండదు. మూడవ గీత మీది మేకను బలిచ్చి పులిని మూలకు రప్పించడం లాభమనుకుంటే నిస్సంకోచంగా బలిస్తాడు. పక్కన కూర్చున్న కుర్రవాడు ఆత్రం ఆపుకోలేక “చిన్నాయనా, ఆ మేకను ఈడ పెట్టు, పులి ఇరుక్కుంటాది” అంటే, పెద్దాయన తల ఎత్తకుండానే “నువ్వు గమ్మునుండప్పా” అంటాడు. ఆ మౌనంలోనే అతని ఆనందం ఉంది. ఆట ముగిసేసరికి గెలిచినవాడెవడో, ఓడినవాడెవడో బండే చెబుతుంది. ఎవరి మెప్పుతోనూ పని లేదు.

ఇక ఒంటి మీది పులి. ఆ వేషగాడికి గెలుపోటములు లేవు. ఎదుట ప్రత్యర్థి లేడు. అతడు పులిని పైనుండి చూడడు; పులి లోపలి నుండి లోకాన్ని చూస్తాడు. ఈ అడుగు వేస్తే లాభమా, నష్టమా అని కాక, పులి అయితే ఈ అడుగు ఎలా వేస్తుంది అని అతడు తనను తాను ప్రశ్నించుకుంటాడు. అతనికి చూసేవారు కావాలి. ఒంటరిగా, తలుపు మూసుకొని పులివేషం కట్టేవాడు ఎక్కడా ఉండడు. ఎదుటివాని కళ్లలో భయమో, నవ్వో, ఆశ్చర్యమో కనబడినప్పుడే అతని ఆట పూర్తవుతుంది.

పావుల ఆటకు ఈ దేశంలో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సైన్యాన్ని పలక మీదికి దించిన చతురంగం భారతదేశంలోనే పుట్టి, పారశీకానికి, అరబ్బు దేశాలకు పోయి, యూరప్ చేరి చదరంగంగా ప్రపంచమంతటా వ్యాపించింది. యూరప్‌లో అది మరొక రూపం కూడా దాల్చింది. ప్రష్యా దేశంలో 1812లో రైస్‌విట్జ్ అనే అధికారి నిజమైన నేలను పోలిన బల్ల మీద యుద్ధాన్ని నడిపే ఆటను రాజుకు చూపాడు. 1824లో సైనికాధికారి అయిన అతని కుమారుడు దానిని మెరుగుపరచి పటాల మీదికి మార్చాడు. సేనాధిపతులు కాబోయేవారు ఆ ఆటతో వ్యూహరచన నేర్చుకున్నారు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి, చిన్న చిన్న బొమ్మ సైనికులతో ఇంటి నేల మీద యుద్ధం ఆడే పద్ధతిని ప్రచారం చేశాడు. నిజమైన యుద్ధం కన్నా ఈ బొమ్మల యుద్ధం ఎంతో మేలని ఆ పుస్తకంలో వాదించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

ఆ బొమ్మ సైనికుల ఆట నేటికీ అనేక దేశాలలో ఉంది. ఆడేవారు అంగుళం ఎత్తున్న సైనికులకు గంటల తరబడి రంగులు వేస్తారు. కొండలు, వంతెనలు, కోటలు తయారు చేస్తారు. ఒక యుద్ధం ముగిసేసరికి పగలంతా గడిచిపోతుంది. రచ్చబండ దగ్గరి పెద్దాయన అక్కడికి వెళితే భాష తెలియకపోయినా వారి మధ్య కూర్చోగలడు. వారి మౌనం అతనికి పరిచితమైనదే.

అయితే ఈ రెండు ఆటలు పుట్టుకతోనే శత్రువులు కావు. పావులను కదిపిన చేతులే వేషం కట్టిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. వాటిలో ఒకటి కడప జిల్లాలోనే జరిగింది. మహారాష్ట్ర ప్రాంతం నుండి వలస వచ్చిన కొన్ని కుటుంబాలు ఈ సీమలో తోలుబొమ్మలాటతో జీవనం సాగించేవి. దీపం వెలుగులో తెర వెనుక నిలిచి, రామరావణుల బొమ్మలను చేతులతో ఆడిస్తూ, వారి మాటలు తామే పలికేవారు. 1885లో సురభి అనే గ్రామంలో జరిగిన ఒక పెళ్లి వేడుకలో ఆ కుటుంబాలవారు బొమ్మలను పక్కన పెట్టి, తామే ముఖాలకు రంగు పూసుకొని ‘కీచకవధ’ నాటకం ఆడారు. వనారస గోవిందరావు నాయకత్వంలో అలా మొదలైన సమాజం ఆ ఊరి పేరుతోనే సురభి నాటక సమాజంగా ప్రసిద్ధికెక్కింది. తెర వెనుక ఉండి బొమ్మను కదిపినవాడు తెర ముందుకు వచ్చి తానే ఆ బొమ్మ స్థానంలో నిలిచాడు.

వారు ఎన్నుకున్న కథ కూడా ఈ ప్రశ్నకు ఎంతో దగ్గరిది. పాండవులు రాజ్యాన్ని పోగొట్టుకున్నది జూదంలో. పాచికలు వారిని అడవుల పాలు చేశాయి. పన్నెండేళ్ల తరువాత అజ్ఞాతవాసపు ఏడాదిలో వారిని కాపాడినవి వేషాలు. భీముడు వంటలవాడయ్యాడు, అర్జునుడు బృహన్నల అయ్యాడు, ద్రౌపది సైరంధ్రి అయ్యింది. ధర్మరాజు ఏమయ్యాడు? కంకుభట్టు అనే పేరుతో విరాటరాజు కొలువులో చేరి, రాజుతో జూదమాడుతూ కాలం గడిపాడు. ఐదుగురూ వేషం ధరించారు. కాని పావులను ప్రేమించినవాడు వేషంలో కూడా పావులనే వెదుక్కున్నాడు. మనుషులను పిలిచే ఆటలు వేరువేరని మహాభారతం ఏనాడో గుర్తించింది.

సురభిలో జరిగిన మార్పు వంటిదే 84 ఏళ్ల తరువాత అమెరికాలోను జరిగింది. 1969లో మినెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు బొమ్మ సైనికుల యుద్ధాన్ని ఏర్పాటు చేశాడు. ఈసారి ఆటగాళ్లకు సైన్యాలతో పాటు పాత్రలు కూడా ఇచ్చాడు. ఒక ఊహాపట్టణంలో ఒకరు పురపాలకుడు, మరొకరు విశ్వవిద్యాలయాధికారి, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్క కోరిక. యుద్ధం మొదలు కాకముందే ఆటగాళ్లు గదంతా తిరుగుతూ ఒకరితో ఒకరు రహస్యాలు, బేరాలు, కుట్రలు మాట్లాడుకోసాగారు. ఆట చెడిపోయిందని వెస్లీ భావించాడు. ఆడినవారు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆ ఆటలో పాల్గొన్నవారిలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అతడు, బొమ్మల యుద్ధానికి నియమాలు రాసిన గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ ఆటను ప్రచురించారు. విశేషమేమిటంటే, తొలి ప్రచురణ పైఅట్ట మీద అది యుద్ధక్రీడకు నియమావళి అనే చెప్పుకుంది. తల్లి పేరే బిడ్డకు పెట్టారు.

ఆ కొత్త ఆటలో ఆటగాని చేతిలో సైన్యం లేదు. ఒకే ఒక మనిషి ఉంటాడు: ఒక వీరుడో, ఒక మాంత్రికుడో, ఒక దొంగో. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ చేరి, తమ పాత్రలు ఏం చేస్తాయో, ఏం మాట్లాడతాయో నోటితో చెబుతారు. ఒకరు సూత్రధారిగా ఉండి లోకాన్ని వర్ణిస్తారు. కథ ఎటు పోతుందో కొంత మాట, కొంత పాచిక నిర్ణయిస్తాయి. నాటకానికి, దీనికి ఒక తేడా ఉంది. కీచకుడు చస్తాడని ప్రేక్షకులందరికీ ముందే తెలుసు. ఎలా చస్తాడో చూడడానికే వారు తెల్లవార్లు కూర్చుంటారు. ఈ ఆటలో ముగింపు ఎవరికీ తెలియదు. అయితే పాత్ర లోపల నిలిచి పలకడమనే లక్షణం రెండింటికీ ఉమ్మడి. యుద్ధక్రీడ నుండి పుట్టిన బిడ్డే అయినా, ఎందరో యుద్ధక్రీడాభిమానులకు ఇది నచ్చలేదు. సైన్యాలను నడపడమంటే గిట్టని ఎందరో దీని చుట్టూ చేరారు.

ఇంతకూ ఆ భేదానికి కారణాలేమిటి? మొదటిది చూసే చోటు. పావుల ఆటగాడు పైనుండి అందరినీ చూస్తాడు. వేషగాడు లోపలి నుండి ఒక్కరిని చూస్తాడు. మొదటివానికి ఒక్కడి బాధ కన్నా మొత్తం లెక్క ముఖ్యం. రెండవవానికి లెక్క కన్నా ఆ ఒక్కడి గుండె చప్పుడు ముఖ్యం. రెండవ కారణం ముగింపు. గెలుపోటములు స్పష్టంగా తేలితేనే కొందరికి తృప్తి. తాము ఎంత నేర్చుకున్నదీ ఆ తీర్పు వల్లనే తెలుస్తుందని వారి నమ్మకం. మరికొందరికి ఆ తీర్పే వెలితి; కథ ఇంకా మిగిలి ఉండగా ఆట ఎందుకు ముగియాలని వారి సందేహం. మూడవ కారణం తప్పు చేస్తే కలిగే నష్టం. పులిజూదంలో తప్పు చేసినవాడు ఒక మేకను పోగొట్టుకుంటాడు. అవమానం ఉన్నా అది ఎత్తుకు సంబంధించినది. వేషంలో తప్పు జరిగితే నలుగురూ మనిషినే చూసి నవ్వుతారు. తన్ను తాను బయట పెట్టుకోవడానికి జంకేవారు పావుల చాటున హాయిగా ఉంటారు. ఆ జంకు లేనివారికి పావు అడ్డు అనిపిస్తుంది.

విచిత్రమేమంటే, జంకు ఎక్కువగా ఉన్నవారిలో కూడా కొందరికి వేషమే పావు వలె చాటు ఇస్తుంది. సొంత గొంతుతో నాలుగు మాటలు పలకలేని బిడియస్థుడు భీముని వేషంలో సభ అదిరేటట్లు గర్జించడం పల్లెలలో కొత్త విషయం కాదు. కాబట్టి ఫలానా స్వభావం గలవారు ఫలానా ఆటకే పుట్టారని గిరిగీయడం తొందరపాటు అవుతుంది.

ఆ తొందరపాటుకు మరొక కారణం కూడా అడ్డు చెబుతుంది. ఆటను ఎన్నుకోవడంలో స్వభావంతో పాటు అవకాశం కూడా ఉంటుంది. రచ్చబండ చాలాకాలం మగవారి చోటు. ఆడవారికి మిగిలినవి వసారాలోని వామనగుంటలు, అష్టాచెమ్మా, అచ్చనగండ్లు. పులిజూదం దగ్గర కూర్చోనివ్వని అమ్మాయికి వ్యూహం పట్టదని అనడం న్యాయం కాదు. 2002లో కోనేరు హంపి 15 ఏళ్ల వయసులో చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు, కూర్చోవడానికి చోటు దొరికితే ఏం జరుగుతుందో లోకానికి తెలిసింది. నాటకరంగంలోను ఇదే కథ. స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీ పాత్రలు ధరించి మెప్పు పొందిన కాలంలో, సురభి కుటుంబాలలో స్త్రీ పాత్రలను స్త్రీలే పోషించారు. ఆ కుటుంబం నుండి వచ్చిన సురభి కమలాబాయి 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతి పాత్ర ధరించింది. ఏ ఆట ఎవరిని ఆకర్షిస్తుందో చెప్పే ముందు, ఏ ఆట దగ్గరికి ఎవరిని రానిచ్చారో విచారించాలి.

ఈ రెండు రకాల ఆటగాళ్లు ఒకరినొకరు చిన్నచూపు చూడడం కూడా లోకంలో ఉన్నదే. వేషగాళ్లు పనికిమాలిన గంతులు వేస్తారని పావుల ఆటగాడి అభిప్రాయం. పావుల ఆటగాడు గుండె లేని లెక్కల మనిషని వేషగాడి అభిప్రాయం. ఇద్దరూ మరచిపోయే సంగతి ఒకటుంది. వారి ఆటలను ఆటలుగా నిలిపేది ఒకే నియమం. పులిజూదంలో చచ్చిన మేక మరుసటి ఆటలో మళ్లీ బండ మీదికి వస్తుంది. కీచకుడు చచ్చిన తరువాత లేచి, రంగు కడుక్కొని, భీమునితో కలిసి అన్నం తింటాడు. ఈ తిరిగి లేవడమే ఆటకు, యుద్ధానికి మధ్యనున్న గీత.

ఆ గీత ఎంత సన్ననిదో తెలియాలంటే కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టును తలచుకోవాలి. అక్కడ మాళమల్లేశ్వరస్వామి సన్నిధిలో విజయదశమి రాత్రి బన్ని ఉత్సవం జరుగుతుంది. రాక్షస సంహారానికి గుర్తుగా, ఉత్సవమూర్తులను కాపాడేవారు ఒకవైపు, తమ ఊరికి తీసుకుపోవాలనుకునేవారు మరొకవైపు చేరి, కాగడాల వెలుగులో కర్రలతో తలపడతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవారు మూర్తులకు రక్షకులు. పాల్గొనేవారికి అది ఆట కాదు, భక్తి. తాతల నాటి మొక్కు. అక్కడ వ్యూహమూ ఉంది, వేషమూ ఉంది. కాని దెబ్బ నిజమైనది, కారే నెత్తురు నిజమైనది. ఏటా ఎందరో గాయపడుతున్నారు. కర్రలు పట్టవద్దని అధికారులు ఎన్నోసార్లు నచ్చజెప్పారు. నమ్మకాన్ని గౌరవించాలి. అయినా, గాయపడినవాడు ఇంటికి చేరేవరకు గడపలో నిలబడి ఎదురుచూసే తల్లికి, చచ్చిన మేక తిరిగి లేచే ఆట ఎంత విలువైనదో ఎవరూ చెప్పనక్కర లేదు.

పావుల చూపు, పాత్ర చూపు ఆటస్థలం దాటి బతుకులోకి వచ్చినప్పుడు వాటి అవసరం మరింత స్పష్టమవుతుంది. కర్నూలును, కడపను కలిపే కె.సి. కాలువ ఇందుకు తగిన ఉదాహరణ. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద బయలుదేరే ఈ కాలువను 1863–1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సేద్యానికి, పడవల రాకపోకలకు తవ్వించింది. 1882లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. వాన తక్కువైన ఏడు కాలువ నీటిని పంచడం పులిజూదం కన్నా కష్టమైన ఆట. ఏ తూముకు ఎన్ని గంటలు, ఏ పంటకు ఎన్ని తడులు, ఎక్కడ ఆపితే ఎక్కడ ఎండుతుంది అని పటం ముందు కూర్చొని పైనుండి చూసే కన్ను కావాలి. ఆ కన్ను లేకపోతే మొదటి ఊళ్లలో నీరు పొంగి, చివరి ఊళ్లలో నేల బీటలు వారుతుంది.

కాని ఆ కన్ను ఒక్కటే ఉంటే చాలదు. కాలువ చివరనున్న రైతు పటంలో ఒక చుక్క. అతడు అప్పు తెచ్చి విత్తిన విత్తనం మొలకెత్తి, ఆకు వాడుతున్నప్పుడు రాత్రంతా గట్టు మీద నీటి చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాడు. కాలువ మొదటనున్న రైతు ఒక్క క్షణం ఆ గట్టు మీద కూర్చున్నట్టు ఊహించుకోగలిగితే, తన తూము కాసేపు ముందుగానే మూస్తాడు. ఆ ఊహ నేర్పేది వేషం. లెక్క తప్పితే నీరు వృథా అవుతుంది. ఊహ తప్పితే మనిషి వృథా అవుతాడు. వ్యూహం తెలిసినవాడు మేకను బలివ్వగలడు. మేక లోపలి నుండి లోకాన్ని చూడగలిగినవాడు మాత్రమే, బలివ్వకుండా గెలిచే దారి ఏదైనా ఉందా అని ఇంకొక్కసారి బండ వైపు చూస్తాడు.

నేడు రచ్చబండల మీద గీతలు అరిగిపోతున్నాయి. కొన్ని ఊళ్లలో పాత నాపరాళ్ల స్థానంలో సిమెంటు వచ్చింది. పావులు, పాత్రలు రెండూ చేతిలోని తెర మీదికి చేరాయి. కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో ఒక విద్యార్థి ఫోనులో చదరంగం ఆడుతుంటే, అతని పక్కనే మరొక విద్యార్థి ఏదో కథలోని యోధుడై తిరుగుతుంటాడు. సాధనాలు మారినా పిలుపు మారలేదు. పైనుండి చూడాలని కొందరికి, లోపలి నుండి చూడాలని కొందరికి కోరిక. ఎవరి కోరిక వారికి సహజం. అయితే ఎదుటివాని ఆటను ఒక్కసారైనా ఆడి చూడనివాడు తన ఆటను కూడా పూర్తిగా ఎరుగడు.

రచ్చబండ దగ్గరి పెద్దాయన తప్పెట చప్పుడు వినబడగానే చేతిలోని చింతగింజను అలాగే పట్టుకొని వీధి వైపు తల తిప్పుతాడు. పులివేషంలోని యువకుడు అడుగులు వేస్తూ వచ్చి, బండ దగ్గర ఆగి, గీతల మీద ఇరుక్కున్న గులకరాతి పులిని వంగి చూస్తాడు. ఒకరు ఆడే పులిని మరొకరు చూసే ఆ క్షణంలో ఊరు సంపూర్ణంగా కనిపిస్తుంది. కదిపే చేయి, కదిలే గుండె రెండూ ఉన్నచోటనే ఆటకైనా, ఊరికైనా పరిపూర్ణత.